ఏడో పిల్లి

మా మేనకోడలు నవ్యశ్రీ చెప్పులు విప్పీ విప్పకముందే ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. తెర మీద ఒక గోనెసంచి, అందులోంచి ఒక పిల్లి తల. వేలితో వెనక్కి లాగి వదిలితే ఆ పిల్లి గాల్లో గిరికీలు కొడుతూ పోయి ఓ మీసాల సిపాయి మొహానికి అతుక్కుంది. వాడు కత్తి పారేసి తుమ్ముకుంటూ పరుగెత్తాడు. పిల్లి మాత్రం ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ వచ్చి మళ్ళీ సంచిలో దూరింది.

నాకు ఫక్కున నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ సంచి నాకు తెలుసు, ఆ తుమ్ములు తెలుసు. అది మా నాన్న, మేం బాపు అని పిలిచే మనిషి, చెప్పిన కథ. దాదాపు యాభై ఏళ్ళ కింద ఈ సిరిసిల్లలోనే ఆగిపోయిన కథ.

నవ్యశ్రీ హైదరాబాదులో ఇద్దరు స్నేహితులతో కలిసి ఫోను ఆటలు తయారుచేస్తుంది. పిల్లులను ఆయుధాలుగా విసిరే ఆటలూ బొమ్మల కథలూ లోకంలో బోలెడున్నాయట. బాణం తగిలితే ఎవడో చస్తాడు, పిల్లి తగిలితే అందరూ నవ్వుతారు, అందుకే వాటికి అంత గిరాకీ అంది. పిల్లులు అందరికీ ఉన్నాయి గానీ తాత కథలోని పిల్లుల పోశెట్టి మనకే ఉన్నాడని గారాలు పోయింది. వాళ్ళ నాన్నకు కథ సగమే గుర్తుందట. మొత్తం తెలిసింది నాకేనట. నేను చెప్పాలి, తను ఫోనులో పట్టుకోవాలి. ముఖ్యంగా పిల్లిని విసిరేటప్పుడు తాత నోటితో చేసిన చప్పుడు కావాలట.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నా పేరు సత్తమ్మ. నాకు నోరెక్కువని మా వాడంతా అంటారు. సాంచెల మధ్య పుట్టి, సాంచెల మధ్యే నూలు కండెలు చుట్టి ముసలిదాన్నైనదానికి నోరు చిన్నగా ఎలా ఉంటుంది? మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఒక్క షెడ్డులో ఇరవై సాంచెలు ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. అరిచి అరిచి నా గొంతు పెరిగింది, విని విని చెవులు తగ్గాయి.

నవ్యశ్రీ వెనకాలే మా అన్న హనుమండ్లు వచ్చాడు. ఉండేది నస్పూరులో. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ముప్పై అయిదేళ్ళు చేసి మొన్ననే రిటైరయ్యాడు. ఆయన చెవులనూ ఆ బాయిలో మిషన్లు తిన్నాయి. ఏడాదికి రెండుసార్లు వస్తాడు, తింటాడు, అందరినీ నవ్విస్తాడు, ఐదు గంటల బస్సుకు వెళ్ళిపోతాడు. పన్నెండేళ్ళప్పుడు ఈ ఇల్లు విడిచిన మనిషి, ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా ఇక్కడ పడుకోలేదు. బాపు పోయినప్పుడు కూడా పగలంతా ఇక్కడే ఉండి, నిద్రకు మాత్రం పద్మశాలి సంఘం భవనానికి పోయాడు. ఎందుకని నేనెన్నడూ అడగలేదు. నాకు నోరెక్కువన్నారు గానీ ధైర్యం ఎక్కువని ఎవరూ అనలేదు కదా.

చాయ పెట్టి ఇచ్చి, ఫోను ఇంకోసారి చూపించమన్నాను. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. పిల్లిని విసిరే మనిషి వీపు ఒక్కటే కనబడుతోంది. రెండు జడలు, మడిచి కట్టిన ఎర్ర రిబ్బన్లు, మోకాళ్ళ కిందికి జారిన లంగా. పోశెట్టికి జడలేమిటే అని అడిగాను. గొంతు మామూలుగానే ఉందనుకుంటాను.

"డాడి గట్లనే గియ్యుమన్నడత్తా. ఇసిరింది ఆడపిల్లనే అన్నడు."

నేను మా అన్న వంక చూశాను. ఆయన చాయను సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. తల ఎత్తలేదు. వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో, ఆ చెవులతో తెలుసుకోవడం కష్టం. ఆయనకు తెలుసా? తెలిస్తే ఎప్పటినుంచి తెలుసు? పప్పు పొయ్యి మీద పెట్టాను గానీ దాంట్లో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆ రోజుల్లో మా బాపు సిద్దిరాములు ఒక ఆసామి, అంటే సాంచెల యజమాని, షెడ్డులో నాలుగు సాంచెలు నడిపేవాడు. మధ్యాహ్నం సద్ది తీసుకుని అన్నా నేనూ పోయేవాళ్ళం. ఆ మోతలో మాట పనికిరాదు. సాంచెల కార్మికులంతా చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటారు. దారం తెగిందంటే ఒక సైగ, ఆసామి వస్తున్నాడంటే కడుపు మీద చేత్తో ఒక గుండ్రటి సైగ. బాపు మాకు కథ కూడా అట్లాగే చెప్పాడు. పిల్లుల పోశెట్టి కథలో ఒక్క మాట లేదు, ఒక్క చప్పుడు లేదు. చూడటమే.

ఒక రాజు యుద్ధానికి పోతూ అందరికీ కత్తులు పంచుతాడు. చివర్న ధాన్యం కొట్టు కావలి పోశెట్టి దగ్గరికి వచ్చేసరికి కత్తులైపోతాయి. ఉత్త చేతులతో ఎట్లా పోతాడు? కొట్టులో ఎలుకల కోసం పెంచిన ఏడు పిల్లులను సంచిలో వేసుకుని పోతాడు. బాపు చెయ్యి సంచిలో పెట్టి, మెడ మీది తోలు పట్టుకుని, రెండుసార్లు ఊపి విసిరేవాడు. అట్లా విసిరేటప్పుడు ఆయన కళ్ళు పిల్లి పోయిన దారంతా పోయేవి, మా కళ్ళూ వాటి వెంట పోయేవి. ఒకటి కుంటి పిల్లి. ఒకటి ఒంటికన్ను పిల్లి, అది గురి తప్పి సొంత రాజు కిరీటం మీద పడుతుంది. ఒకటి నిద్రపోతు, గాల్లోనే నిద్రపోతుంది, చచ్చిందనుకుని శత్రువులంతా ఏడుస్తారు. ఒకటి చూలు పిల్లి, ఇక్కడ విసిరింది ఒకటి, అక్కడ పడ్డవి అయిదు. ఎడమ చేత్తో సాంచ ఆపుతూ, కుడి చేత్తో పిల్లిని విసురుతూ, మధ్యలో తెగిన పోగు అతుకుతూ చెప్పేవాడు. పని ఆగలేదు, కథ ఆగలేదు.

ఏడో పిల్లిని శత్రువుల రాజు రెండు చేతులా పట్టుకుంటాడు. అది ఆయన ఒళ్ళో ముడుచుకుని పడుకుంటుంది. ఒళ్ళో పిల్లి పడుకున్నవాడు ఎట్లా లేస్తాడు? కదిలితే దానికి మెలకువ వస్తుంది. మంత్రులు బతిమాలుతారు, గుర్రాలు సకిలిస్తాయి, ఆయన లేవడు. పొద్దు గూకుతుంది, యుద్ధం ఆగిపోతుంది. అంతే కథ. ఆ చివర్న బాపు ఒళ్ళో లేని పిల్లిని నిమిరే తీరు చూసి మేం పడీపడీ నవ్వేవాళ్ళం. మా నవ్వు కూడా మాకు వినబడేది కాదు.

ఇక నా ఘనకార్యం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజు దారి పొడుగునా పోశెట్టి ఆట ఆడుకుంటూ వచ్చాం, సంచి మోసే వంతు మా అన్నకు పడింది. షెడ్డులోకి నేను ముందు పోయాను. లోపల ఆసామి మా బాపును తిడుతున్నాడు. బట్టలో ఎక్కడో తేడా వచ్చిందట. చప్పుడు వినబడకపోయినా పెదవులు చదవడం మాకు పాలతో పాటే వస్తుంది. ఆయన మా అవ్వ మీద, అంటే మా అమ్మ మీద, ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ చెప్పను. మా బాపు తల దించుకున్నాడు. అంత పొడుగు మనిషి, అన్ని పిల్లులను విసిరినవాడు, తల దించుకుని నిలబడ్డాడు.

గంజి నూలుకు ఎలుకలు వస్తాయని షెడ్డులో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. కండెల డబ్బా మీద పడుకుని ఉంది. మెడ మీది తోలు పట్టుకున్నాను, రెండుసార్లు ఊపాను, ఆసామి మొహానికి గురి చూసి విసిరాను. నిజం చెప్తున్నాను, అది తిన్నగా పోతుందనే అనుకున్నాను. బాపు విసిరిన పిల్లి ఏదీ దారిలో మెలికలు తిరగలేదు. ఇది మాత్రం గాల్లోనే ఒళ్ళు తిప్పి, నా చెయ్యి గీరి, పోయి పోయి ఆడుతున్న సాంచ మీద, పరిచిన పోగుల మధ్య పడింది. భయానికి నాలుగు కాళ్ళూ ఆడించింది. తెగిన పోగులు తెగినట్టే పైకి లేచాయి.

ఎవరో కరెంటు మెయిన్ బందు చేశారు. ఇరవై సాంచెలు ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పిల్లి అరిచింది. ఆ కథలో నేను విన్న చప్పుడు అదొక్కటే.

నేను పడుగు నూలు చుట్టిన పెద్ద భీముల వెనక నక్కాను. గుమ్మంలో మా అన్న నిలబడి ఉన్నాడు, భుజాన ఖాళీ సంచితో. ఇంకేం కావాలి? చంకన పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టయింది వాడి పని. ఆసామి వాడి చెవి మెలేసి రెండు చెంపలూ వాయించాడు. వాడు 'నేను కాదు' అనలేదు. నేను 'నేనే' అనలేదు.

తెగినవి ఎన్ని వందల పోగులో, బాపు మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ అతికాడు. నేను సద్ది తీసుకుపోయేదాన్ని. నా చెయ్యి చూసి పసుపు నూనె రాశాడు గానీ ఏమీ అడగలేదు. పోశెట్టి కథ మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు. ఆ పోరడు ఈ వాడలో కనబడితే నీకు సాంచ లేదని ఆసామి బాపుతో అన్నాడట. వారం తిరక్కుండా అన్నను నస్పూరులో మేనమామ ఇంటికి పంపారు. పిల్లిని కూడా సంచిలో వేసి మానేరు వాగు అవతల విడిచి వచ్చారు. పదకొండో రోజున పిల్లి తిరిగొచ్చింది, ఎముకలు తేలి. మా అన్న మాత్రం ఉండటానికి తిరిగి రాలేదు.

మొదట భయానికి చెప్పలేదు. తర్వాత ఎట్లా మొదలుపెట్టాలో తెలియక చెప్పలేదు. పెళ్ళయింది, మా ఆయన ఇల్లుటం వచ్చి ఈ ఇంట్లోనే ఉన్నాడు, పిల్లలు పుట్టారు, ఇంక ఇప్పుడు చెప్తే నవ్వుతారనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. నేనట్లా యాభై ఏళ్ళు తాగాను. ఒక్క పూటా గొంతు దిగలేదు.

అన్నాలు తిన్నాక నవ్యశ్రీ ఫోనును బిందెకు ఆనించి నిలబెట్టింది. నన్ను గోడ వారగా కూర్చోబెట్టింది. అన్న ఎదురుగా కుర్చీలో. చప్పుడు కావాలి అత్తా అని మళ్ళీ గుర్తు చేసింది. ఆ కథలో చప్పుడు లేదే పిచ్చిదానా, అది సాంచెల కథ అని చెప్పాను. పిల్ల మొహం చిన్నబోయింది. సరే, చూడు అని చేతులు పైకి తీశాను.

మొదట్లో నా చేతులకే నమ్మకం లేదు. రాజును నిలబెట్టాను, కత్తులు పంచాను. పోశెట్టి దగ్గరికి వచ్చి ఉత్త చేతులు చూపించేసరికి మా అన్న కుర్చీలో ముందుకు జరిగాడు. కుంటి పిల్లిని విసిరాను. ఒంటికన్ను దాన్ని విసిరాను. నిద్రపోతును విసిరేసరికి ఆయన శత్రువుల పక్షాన కండువా కళ్ళకద్దుకుని ఏడ్చాడు. చూలు పిల్లి దగ్గర అయిదు వేళ్ళూ చూపించి నాకన్నా ముందే నవ్వాడు. ఇంటి ముందు వాడలో ఇప్పుడు సగం సాంచెలు మూతపడ్డాయి, మధ్యాహ్నం పూట పిచుకల చప్పుడు కూడా వినబడుతుంది. కానీ ఆ కాసేపు నా చెవుల్లో ఇరవై సాంచెలూ ఆడాయి. ఇద్దరం ముసలివాళ్ళం సద్ది గిన్నె పక్కన నిలబడ్డ పిల్లలమైపోయాం. బాపు అక్కడే ఉన్నట్టు నాకు ఏడుపొచ్చింది.

ఆరు పిల్లులు అయిపోయాయి. ఏడోది మిగిలింది. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. ఇంకో అరగంటలో ఆయన కండువా దులుపుకుని లేస్తాడు. పోశెట్టి పిల్లిని విసిరి కథ ముగిస్తే సరిపోతుంది, ఎవరూ ఏమీ అనరు. సంచిలో పెట్టిన నా చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నవ్యశ్రీ ఫోను వెనక నుంచి కానియ్యమని సైగ చేసింది.

నేను పోశెట్టిని పక్కన పెట్టేశాను. చెయ్యి నేలకు మూడడుగుల ఎత్తులో పెట్టి ఒక పిల్లను చూపించాను. భుజాల మీద రెండు జడలు చూపించాను. కడుపు మీద గుండ్రటి సైగ చేశాను, ఆసామి. బాపు తల దించుకోవడం చూపించబోయాను, అది చేతకాలేదు, నా తలే దిగిపోయింది. మెడ మీది తోలు పట్టుకుని రెండుసార్లు ఊపి, మా అన్న వైపు విసిరాను. తర్వాత మెయిన్ బందు చేశాను. ఆ నిశ్శబ్దంలో, ఆ రోజు పిల్లి అరిచినట్టే అరిచాను. అరుపు నా గొంతులోంచే వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. నవ్యశ్రీ ఉలిక్కిపడింది.

సైగ చాలదనిపించింది. అంత పెద్ద మాటకు నోరు కావాలి.

"ఇసిరింది నేనే అన్నా. నువ్వు దెబ్బలు తింటుంటె భీముల ఎనక దాక్కున్న."

మా అన్న నవ్వలేదు. నేను విసిరిన పిల్లిని రెండు చేతులా పట్టుకున్నాడు. మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు. చెవుల మధ్య నిమిరాడు, వీపు మీద నిమిరాడు, తోక సర్దాడు. అచ్చం బాపు చెయ్యే.

"నాకు ఎర్కనే చెల్లె" అన్నాడు. "బస్సు ఎక్కిచ్చేటప్పుడు బాపు చెప్పిండు. నీ చేతి మీద గీరలు సూసిండట. అది నాకోసం ఇసిరింది బిడ్డా, దానికి తొమ్మిదేండ్లే, నువ్వు పోతవా అని అడిగిండు. పోత అన్న."

బాపుకు తెలుసు. పసుపు నూనె రాసిన రోజే తెలుసు. మరి కథ ఎందుకు ఆపేశాడని అడిగాను. కథ ఎత్తితే నేను ఏడుస్తానని భయపడ్డాడట. నస్పూరుకు చూడటానికి వచ్చిన ప్రతిసారీ అన్నకు మాత్రం చెప్పేవాడట, మేనమామ ఇంటి అరుగు మీద, ఏ సాంచా లేకపోయినా చేతులతోనే. ముగింపు దగ్గరికి వచ్చేసరికి అది సత్తికి ఇష్టం అని ఆపేసేవాడట. సగమే గుర్తుందని మా అన్న కూతురితో చెప్పడం అందుకే.

ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నావని అడిగాను. కోపమా అన్నాను. ఆయన ఒళ్ళో పిల్లిని నిమురుతూనే ఉన్నాడు.

"కోపం లేదంటె అబద్ధమైతది. నీ పిల్లి పుణ్యాన బొగ్గుబాయిల కొలువు దొరికింది, దానికి ఫికర్ లేదు. కాని ఒక్క మాట అంటవేమోనని సూసిన. వచ్చినప్పుడల్లా సూసిన. నువ్వు అనకపోతివి. గీ ఇంట్ల కన్ను మూతవడక పోయేది."

ఆయన కాళ్ళ దగ్గరికి జరిగి కూర్చుని ఏడ్చాను. నోరెక్కువదాన్ని కదా, ఏడుపు కూడా పక్కింటి వరకు వినబడి ఉంటుంది. ఆయన నన్ను ఊరుకోమనలేదు. ఒక చెయ్యి నా తల మీద, ఒక చెయ్యి ఒళ్ళో పిల్లి మీద పెట్టి కూర్చున్నాడు.

కాసేపటికి నవ్యశ్రీ ముక్కు తుడుచుకుంటూ గడియారం చూసింది. ఐదవుతోంది, బస్సు పోతుంది, లేద్దామా అని వాళ్ళ నాన్న భుజం తట్టింది. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. తర్వాత ఒళ్ళోకి చూపించాడు. పడుకుంది, ఎట్లా లేస్తాను అని సైగ చేశాడు.

నేను లేచి మొహం కడుక్కుని, దండెం మీద ఆరేసిన బొంత తీసి దులిపాను. రాత్రికి ఏం వండాలని ఆయన్నే అడిగాను. పప్పులో ఉప్పు మాత్రం ఒక్కసారే వేయమన్నాడు.